బాండికూట్ అంటే మన పందికొక్కేనండీ

మన ఊళ్లో ఎవడినైనా మొహం మీద పందికొక్కు అన్నామంటే గొడవైపోద్ది. ఊరి డబ్బులు మింగినోడినీ, పెళ్లిలో రెండో బంతిలో కూడా కూర్చునేవాడినీ ఒకే మాటతో సరిపెట్టేస్తాం, పందికొక్కులా మేస్తున్నాడు అని. అదే మాట ఆస్ట్రేలియాలో ముద్దొచ్చే చిన్న జంతువు పేరు, 1996లో ప్లేస్టేషన్‌లో వచ్చిన క్రాష్ బాండికూట్ గేమ్‌లో ఏకంగా హీరో పేరు.

బాండికూట్ పక్కన ఇంగ్లీషు డిక్షనరీల్లో 'తెలుగు నుంచి' అని రాసే ఉంటది. పంది, కొక్కు, అంతే. ఇండియాలో తెల్లోళ్లు వాడిన మాటలన్నీ పోగేసి 1886లో వేసిన హాబ్సన్ జాబ్సన్ కూడా ఇదే చెప్పింది. పక్కనున్న తమిళులు దీన్ని పెరుచ్చాళి అంటారు, కాబట్టి వాటా అడిగేవాళ్లు కూడా లేరు.

పేరు పెట్టినోడెవడో గానీ బాగా చూసి పెట్టాడు. కిలో దాకా తూగుద్ది, కోపమొస్తే పందిలాగే గుర్రుమంటది. చేలగట్టు తవ్వి వరి వెన్నులు కొరికి కన్నంలో దాచుకుంటది, కోతలయ్యాక యానాదులు కన్నానికి పొగపెట్టి కొక్కుల్ని పట్టి, లోపల అది దాచిన ధాన్యం కూడా తవ్వి తీసుకునేవాళ్లు.

మరి ఆస్ట్రేలియా ఎలా వెళ్లిందంటే, 18వ శతాబ్దం చివర్లో అక్కడికెళ్లిన ఇంగ్లీషోళ్లకి పొడుగు మూతితో నేల తవ్వుతున్న జంతువొకటి కనబడింది, చూడ్డానికి ఇండియా పందికొక్కులా ఉంది కదాని అదే పేరు తగిలించేశారు. నిజానికి రెంటికీ ఏ చుట్టరికం లేదు. అది ఎలకే కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని పెంచే జాతి. ఆ సంచి నోరు వెనక్కి తిరిగుంటది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా! కొన్ని రకాల్లో గర్భం పన్నెండు రోజులే. తప్పు పేరే, కానీ అతుక్కుపోయింది, అసలు పందికొక్కుని గుర్తుపట్టాలంటే ఇప్పుడు ఇంగ్లీషులో బాండికూట్ ర్యాట్ అని తోక తగిలించాల్సొస్తోంది.

అక్కడోళ్లు దాన్ని క్రియగా కూడా వాడతారు. బంగాళదుంప మొక్క పైకి పచ్చగా అలాగే ఉండగా కింద నుంచి దుంపలు మాత్రం లాగేస్తే బాండికూటింగ్ చేశాడంటారు. చూశారా, ఎంత దూరం పోయినా దొంగబుద్ధి మాత్రం వెంటే వెళ్లింది.

2018లో కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్ మనుషులు దిగక్కర్లేకుండా మ్యాన్‌హోల్ క్లీన్ చేసే రోబో తయారుచేసి దానికీ బాండికూట్ అనే పేరు పెట్టింది. మురుక్కాలవ పని కాబట్టి ఈసారి పేరు సరైనోడికే దక్కింది, కాకపోతే కేరళకి మన మాట ఇంగ్లీషు మీంచి చుట్టు తిరిగి రావాల్సొచ్చింది.