కాలేజీ ఫుట్‌బాల్ సీజన్: అపోహలు - వాస్తవాలు (ఒహాయో స్టేట్, 2024)

ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు నేను వీడియో విశ్లేషకుడిగా పనిచేస్తున్నాను. శనివారం ఆట ముగిశాక ఆదివారం తెల్లవారేలోగా ప్రతి ప్లేనూ (బంతి కదిలింది మొదలు ఆగేదాకా జరిగే ఒక్కో ఘట్టాన్ని) విడివిడిగా కత్తిరించి, అది ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఏ వరుసలో నిలబడ్డారు, పరుగా పాసా అన్నవి నమోదు చేసి కోచ్‌లకు అందించడం నా పని. కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏ పుట్టినరోజు విందుకు వెళ్లినా నన్ను అడిగేది మా చిన్న జట్టు సంగతి కాదు, ఒహాయో స్టేట్ సంగతి, అంటే కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు సంగతి. ముఖ్యంగా 2024 సీజన్ గురించి అందరికీ గట్టి అభిప్రాయాలున్నాయి, వాటిలో సగానికి పైగా తప్పులే. అందుకని ఆ ఒక్క సీజన్‌నే ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. వెళ్లగలిగితే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివారిది. "మూడో డౌన్, 11" అంటే ఇది మూడో ప్రయత్నం, ఇంకా 11 గజాలు కావాలి అని అర్థం.

అపోహ: రెండు ఆటలు ఓడిన జట్టుకు సీజన్ ముగిసినట్టే.

ఇది నిన్న మొన్నటి దాకా దాదాపు నిజమే కాబట్టి ఇలా అనుకునేవారిని తప్పుపట్టలేను. 2014 నుంచి 2023 వరకు జాతీయ విజేతను తేల్చే చివరి పోటీలకు, అంటే ప్లేఆఫ్‌కు, నాలుగు జట్లనే ఎంపిక చేసేవారు, రెండు ఓటములున్న జట్టు ఒక్కటి కూడా అందులోకి రాలేదు. 2024లో ఆ సంఖ్య 12కు పెరిగింది. ర్యాంకుల్లో ముందున్న ఐదు కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల సమూహం) విజేతలకు, వాటితో పాటు మరో ఏడు జట్లకు చోటిచ్చారు. మొదటి నాలుగు స్థానాలు కాన్ఫరెన్స్ విజేతలకే కేటాయించి, వాటికి మొదటి రౌండు ఆడే పని లేకుండా చేశారు.

ఒహాయో స్టేట్ అక్టోబర్ 12న ఓరెగన్ చేతిలో 32-31తో, నవంబర్ 30న మిషిగన్ చేతిలో 13-10తో ఓడి, 10 విజయాలతో సాధారణ సీజన్ ముగించింది. తమ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కు కూడా చేరలేదు. అయినా ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్‌లోకి వచ్చి, టెనసీని 42-17తో, అప్పటిదాకా ఓటమి ఎరుగని ఓరెగన్‌ను రోజ్ బౌల్‌లో 41-21తో, టెక్సస్‌ను కాటన్ బౌల్‌లో 28-14తో, చివరకు 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ విజేత అయింది. మరో విశేషమేమిటంటే, మొదటి రౌండు ఆడకుండా విశ్రాంతి దొరికిన నాలుగు జట్లూ తమ తొలి ప్లేఆఫ్ ఆటలోనే ఓడిపోయాయి. విశ్రాంతి వల్లే ఓడాయని తేల్చడానికి నాలుగు ఆటలు చాలవు కానీ, అది వరం అని అందరూ ఎందుకంత ధీమాగా చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: ఇది కండబలం ఆట, బుర్రతో పనిలేదు.

అక్టోబర్‌లో ఓరెగన్ చేతిలో ఓడిన ఆటలోని చివరి పది సెకన్లు చూస్తే చాలు. ఒహాయో స్టేట్ ఒక పాయింటు వెనుకబడి, ఫీల్డ్ గోల్‌కు (బంతిని గోల్‌పోస్టుల మధ్యకు తన్ని మూడు పాయింట్లు పొందడానికి) అందే దూరం చేరాలని చూస్తోంది. ఆ సమయంలో ఓరెగన్ మైదానంలో 11 మందికి బదులు 12 మంది ఉన్నారు. అదనపు మనిషి సాయంతో పాస్‌ను అడ్డుకున్నారు. నాలుగు సెకన్లు కరిగిపోయాయి. శిక్షగా ఐదు గజాలు ఇచ్చారు కానీ, పోయిన సెకన్లు తిరిగి రాలేదు. తర్వాతి ప్లేలో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్ విసిరేవాడు) విల్ హోవర్డ్ పరుగెత్తి కిందికి జారేసరికి గడియారం సున్నాకు చేరింది. దాన్ని ముందే సాధన చేశారన్న ధ్వని ఓరెగన్ కోచ్ డాన్ లానింగ్ మాటల్లోనే వినిపించింది. వారం తిరగకుండానే నిబంధనను సవరించి, చివరి రెండు నిమిషాల్లో ఇలా జరిగితే నష్టపోయిన జట్టు కోరితే సమయం కూడా వెనక్కి ఇవ్వాలని తేల్చారు. కండబలం ఆటలో నాలుగు సెకన్ల కోసం నిబంధనల పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా ఎవరు చదువుతారు?

అపోహ: క్వార్టర్‌బ్యాక్ బాగుంటే జట్టు బాగున్నట్టే.

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి చూసేవారి కన్ను కూడా దాని వెంటే పోతుంది. మేము చూసే వీడియో వేరు. ఒకటి స్టేడియం పైనుంచి 22 మందినీ పక్కవాటుగా చూపిస్తుంది, రెండోది గోల్‌పోస్టుల వెనుక నుంచి తీసింది. ఈ రెండో దాంట్లోనే లైన్‌మెన్ పాదాలు కనిపిస్తాయి. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలిచే ఐదుగురు లైన్‌మెన్‌లో ఒకడి అడుగు అరగజం వెనక్కి పడితే, ఆ పాస్ సంగతి బంతి గాల్లోకి లేవకముందే తేలిపోతుంది.

ఒహాయో స్టేట్ సీజన్‌ను ఆ కోణంలో చూస్తే కథ మారిపోతుంది. ఓరెగన్ ఆటలో ఎడమ అంచున కాపుకాసే లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్ మోకాలికి గాయమైంది. అతనికి సీజన్ అక్కడితో ముగిసింది. తర్వాతి ఆటలో నెబ్రాస్కాపై 21-17తో బయటపడ్డారు. అతని స్థానంలో వచ్చినవాడికి కూడా ఆ ఆటలోనే గాయమైంది. దాంతో పక్కనే గార్డ్‌గా ఆడే డోనవన్ జాక్సన్‌ను అంచుకు జరిపారు. చూడ్డానికి ఒక అడుగు పక్కకు జరగడమే అయినా, గార్డ్‌కు ఇరువైపులా తోడుంటుంది, ట్యాకిల్‌కు ఒక పక్క ఖాళీ మైదానమే. నవంబర్‌లో ఇండియానాతో ఆటకు ముందు సాధనలో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగింది. అంటే సీజన్ మొదలైన నాటి ఐదుగురి గోడలో ఎడమ చివర, నడుమ రెండు రాళ్లు ఊడిపోయాయి, మరో రాయి చోటు మారింది. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఆగస్టు నుంచి జనవరి దాకా ఒకడే. మరి అతని ఆట వారానికో తీరుగా కనిపించిందంటే, నేనైతే ముందు గోడ వైపే చూస్తాను.

రక్షణ విభాగం గురించి జనం ఇంకా తక్కువ మాట్లాడతారు. నవంబర్ 2న పెన్ స్టేట్ జట్టు ఒహాయో స్టేట్ గోల్ లైన్‌కు మూడు గజాల దూరంలో మొదటి డౌన్ సంపాదించింది. వరుసగా మూడు పరుగులు, నాలుగోది పాస్, నాలుగూ ఫలించలేదు. ఆపై ఐదు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా బంతి అందుకున్న ఒహాయో స్టేట్, ఆట ముగిసేదాకా అవతలివారికి దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఎడమ పక్క మనుషులు మారిన లైన్‌తో, పరుగు వస్తుందని తెలిసి నిలబడ్డ జట్టు మీదికి పరుగులే తీసి 20-13తో గెలిచారు. నాకు ఆ సీజన్‌లో అన్నిటికన్నా నచ్చిన ఐదు నిమిషాలు అవే. హైలైట్లలో మాత్రం అవి కనిపించవు.

అపోహ: మిషిగన్ చేతిలో ఓడాక కోచ్ నిప్పులు చెరిగాడు, ఆ ఆవేశంతోనే జట్టు మారింది.

ఈ కథ వినడానికి బాగుంటుంది. ఆ ఓటమి తీవ్రత కూడా అలాంటిదే. ఆరు గెలిచి ఐదు ఓడిన మిషిగన్ లక్షమందికి పైగా పట్టే గుర్రపు లాడం ఆకారపు స్టేడియానికి వచ్చి, ఒహాయో స్టేట్‌ను వరుసగా నాలుగో ఏడాది ఓడించింది. ఆట ముగిశాక మైదానం నడుమ జెండా పాతడంపై రెండు జట్లూ కలబడ్డాయి, పోలీసులు పెప్పర్ స్ప్రే వాడారు, రెండు యూనివర్సిటీలకూ లక్ష డాలర్ల చొప్పున జరిమానా పడింది. కోచ్ రయన్ డేను తీసేయాలన్నవారు మా విందుల్లోనూ ఉన్నారు.

కానీ ఆ ఆట వీడియోలో కనిపించేది ఆవేశం లేకపోవడం కాదు. మిషిగన్ లైన్ నడుమ మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ ఉన్నారు. ఇద్దరూ తర్వాతి వసంతంలో ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండులోనే చోటు దక్కినవారు. ఒహాయో స్టేట్ లైన్ నడుమ ఉన్నది కొత్తగా చోటు మారిన మనుషులు. అంటే తమ బలహీనమైన చోటుకు ఎదురుగా అవతలివారి అత్యంత బలమైన చోటు ఉంది. మరోవైపు, అంచున పాస్‌లను అడ్డుకునే మిషిగన్ మేటి కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ గాయంతో ఆడనేలేదు, ఒహాయో స్టేట్‌కేమో జెరమయా స్మిత్, ఎమెకా ఎగ్బూకా వంటి రిసీవర్లు (పాస్‌లు అందుకునేవారు) ఉన్నారు. అయినా పదేపదే నడుమకే పరుగు తీశారు. మొత్తం పరుగు గజాలు 77. రెండో సగంలో ఒక్క పాయింటు లేదు. దీనికి తోడు రెండు ఫీల్డ్ గోల్స్ తప్పిపోయాయి, హోవర్డ్ రెండు పాస్‌లు అవతలివారి చేతుల్లో పడ్డాయి.

మూడు వారాల తర్వాత టెనసీ ఆట వీడియో చూడండి. బంతి మొదటి నుంచే అంచులకు, లోతుకు వెళ్లింది. స్మిత్ 37 గజాల టచ్‌డౌన్‌తో (బంతిని గోల్ లైన్ దాటించి ఆరు పాయింట్లు పొందడం) ఖాతా తెరిచాడు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0. రోజ్ బౌల్‌లో మూడో ప్లేకే స్మిత్ 45 గజాల టచ్‌డౌన్ చేశాడు, ఓరెగన్‌పై ఆధిక్యం ఒక దశలో 34-0కు చేరింది. అరుపులు, కన్నీళ్లు, ఆటగాళ్ల మంతనాలు జరగలేదని నేను అనను. అయితే లైన్ ఎక్కడ బలహీనంగా ఉందో ఒప్పుకుని, బంతిని అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్లారన్నది తెర మీద కంటికి కనిపించే మార్పు.

ఎవరి బలహీనత ఎక్కడో కోచ్‌లకు చెప్పేది నాలాంటివారు నమోదు చేసే పట్టికే. ఆ నమోదులో చిన్న తప్పు ఎంత పని చేస్తుందో నాకు అనుభవమే. రెండేళ్ల కిందట ఒక ప్రత్యర్థి మూడో డౌన్లను గుర్తించే క్రమంలో, "8 గజాలు" ఉండాల్సిన నాలుగైదు చోట్ల నిద్రమత్తులో 3 అని కొట్టాను. దూరం తక్కువైనప్పుడు కూడా వాళ్లు పాస్‌కే వెళ్తారని పట్టిక చెప్పింది. మా రక్షణ కోచ్ దాన్ని నమ్మి మనుషుల్ని వెనక్కి నిలిపాడు. వాళ్లు నడుమ నుంచి నింపాదిగా పరుగెత్తి టచ్‌డౌన్ చేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పట్టిక ప్రతి ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు, అంతే.

అపోహ: అది డబ్బుపెట్టి కొన్న జట్టు.

సగం నిజం. ఆ జట్టు ఆటగాళ్లకు అందిన మొత్తం సుమారు 2 కోట్ల డాలర్లని యూనివర్సిటీ క్రీడల డైరెక్టర్ రాస్ బ్యోర్క్ స్వయంగా చెప్పారు. అయితే 2024లో ఈ సొమ్ము యూనివర్సిటీ ఇచ్చే జీతం కాదు. పేరు, రూపం వాడుకున్నందుకు బయటివారు చెల్లించేది. 2021 జూలై నుంచి దీనికి అనుమతి ఉంది. యూనివర్సిటీలే నేరుగా చెల్లించే పద్ధతి 2025 జూలైలో గానీ మొదలుకాలేదు. ఇతర కాలేజీల నుంచి వచ్చినవారూ ఉన్నారు: హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, క్విన్‌షాన్ జుడ్కిన్స్ మిసిసిపీ నుంచి, కేలెబ్ డౌన్స్, మెక్‌లాఫ్లిన్ అలబామా నుంచి.

అయితే చాలామంది మరిచిపోయేది, వెళ్లకుండా ఉండిపోయినవారిని. జాక్ సాయర్, ఎగ్బూకా, ట్రెవియన్ హెండర్సన్, డోనవన్ జాక్సన్, డెన్‌జెల్ బర్క్ వంటి వారు ముందటి ఏడాదే ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లగలిగి ఉండీ మరో సీజన్ ఆగారు. ఆగడానికి డబ్బు కూడా ఒక కారణం కావచ్చు. కానీ మూడు నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చుని ఒకే వీడియో చూసిన మనుషుల మధ్య ఏర్పడే అవగాహన కొంటే వచ్చేది కాదు. 2025 ఎంపికలో ఆ జట్టు నుంచి 14 మంది ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లారు. కాటన్ బౌల్‌లో టెక్సస్ ఒక గజం దూరం నుంచి సమం చేయబోతుండగా, కేలెబ్ డౌన్స్ ఒక పరుగును ఏడు గజాలు వెనక్కి నెట్టాడు. నాలుగో డౌన్‌లో సాయర్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోని బంతిని ఊడగొట్టి, తానే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఒకరు అలబామా నుంచి వచ్చినవాడు, మరొకరు కొలంబస్ దగ్గర పుట్టిపెరిగినవాడు. ఏ ఒక్కరు లేకపోయినా ఆ ఆట ఫలితం గురించి నేను పందెం కాయను.

అపోహ: ఆటగాళ్లు రోజంతా సాధనలోనే ఉంటారు, చదువు పేరుకే.

సీజన్‌లో తప్పనిసరి క్రీడా కార్యక్రమాలు వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదన్నది కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలి. కోచ్‌తో కలిసి వీడియో చూస్తే అది లెక్కలోకి వస్తుంది. కుర్రాడు తనంతట తాను రాత్రి పదింటికి చూస్తే రాదు. ఎంత మంది రాత్రి పదింటికి నా గది తలుపు తడతారో నేను లెక్క చెప్పను.

అపోహ: ఫైనల్‌లో ఒహాయో స్టేట్ సునాయాసంగా గెలిచింది.

స్కోరు చూసి అలా అంటారు. 31-7తో ముందున్న జట్టుపై నోటర్ డేమ్ విరుచుకుపడి 31-23కు వచ్చింది. ఇంకో టచ్‌డౌన్, దానికి తోడు రెండు పాయింట్లు వస్తే సమం. మూడు నిమిషాలైనా లేవు. ఒహాయో స్టేట్‌కు మూడో డౌన్, 11. నిజానికి చాలామంది కోచ్‌లు అక్కడ పరుగు తీసి, గడియారాన్ని తిప్పి, బంతిని దూరంగా తన్నేసి, రక్షణను నమ్ముకుంటారు. మిషిగన్ ఆట నాటి ఒహాయో స్టేట్ కూడా అదే చేసి ఉండేదని నా అనుమానం.

గోల్‌పోస్టుల వెనుక వీడియోలో ఆ ప్లేను నేను మా కుర్రాళ్లకు చాలాసార్లు చూపించాను. అయిదుగురు లైన్‌మెన్‌లో ఎడమ చివర జాక్సన్, నడుమ కార్సన్ హింజ్‌మన్. సెప్టెంబర్‌లో ఇద్దరూ వేరే చోట్ల ఉన్నవారే. గోడ నిలబడింది. హోవర్డ్ అంచు వెంట లోతుకు విసిరాడు, స్మిత్ 56 గజాల పాస్ అందుకున్నాడు. ఆపై ఫీల్డ్ గోల్‌తో 34-23. చూపించిన ప్రతిసారీ కొత్తగా చేరిన రిసీవర్ ఎవరో ఒకడు స్మిత్‌ను మళ్లీ చూపించమంటాడు. మా లైన్ కోచ్ మాత్రం రిమోట్ లాక్కుని, జాక్సన్ మొదటి అడుగు దగ్గర వీడియో ఆపుతాడు.