అరుగు మీద పులి–మేక, కంప్యూటర్‌లో చిన్న రైలు

పర్లాకిమిడి,
ఆదివారం పొద్దున.

గుణుపురంలో, రాయగడలో, కాశీనగర్‌లో, బరంపురంలో ఉన్న తెలుగు పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న సెలవులకి మా మనవరాలు వచ్చింది. ఆరో తరగతి. వచ్చిన గంటకే నా కంప్యూటర్ ముందు కూర్చుని, "తాతా, ఇందులో విండోస్ లేదు కదా, మరి ఆటలేం ఉంటాయి?" అని అడిగింది. అప్పటికేదో చెప్పాను. సాయంత్రం వీధిలో ఇద్దరు పిల్లలు ఇదే మాట అడిగారు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే దానికి కూర్చుని జవాబు చెప్పాల్సిందే. అందుకే ఈ ఉత్తరం.

నా కంప్యూటర్ పదేళ్ళ పాతది. నాలుగు జీబీ ర్యామ్. కొత్త విండోస్ దాని మీద ఎక్కదని చెప్పి మా అబ్బాయి లైనక్స్ మింట్ వేసిచ్చాడు. లైనక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థకి గుండెకాయ లాంటిది. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. దాని రాత, అంటే కంప్యూటర్‌కి పని చెప్పే ఆజ్ఞలు, మొత్తం అందరికీ తెరిచి పెట్టాడు కాబట్టి ప్రపంచంలో వేలమంది తలో చెయ్యీ వేశారు. లైనక్స్ మీద నడిచే ఆటల్లో చాలా అలా పుట్టినవే. వాటి పేర్లు టీవీ ప్రకటనల్లో వినపడవు. ఒకరో ఇద్దరో మొదలుపెడతారు, తెలియనివాళ్ళు వచ్చి కలుస్తారు, ఇరవై ఏళ్ళు గడిచినా ఆట బతికే ఉంటుంది.

ఇందులో గొప్పేమిటో తెలియాలంటే ముందు పులి–మేక గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి ఆడేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతపిక్కలు. ఆ ఆట ఎవరిది? ఎవరిదీ కాదు, అందరిదీ. ఒకసారి మా వీధి పిల్లలం మేకలు ఓడిపోతున్నాయని పద్ధెనిమిది చేశాం. పులులకి ఊపిరాడక ఆట చప్పబడిపోయింది. మళ్ళీ పదిహేనుకే వచ్చాం. మార్చడానికి ఎవర్నీ అడగలేదు, వెనక్కి రావడానికీ అడగలేదు. గీత చెరిపి మళ్ళీ గీసుకునే ఆ హక్కు నాకు చాలా ఇష్టం.

ఈమధ్య మా పెద్ద మనవడికి ఒక కష్టం వచ్చింది. ఫోన్‌లో ఒక ఆట రెండేళ్ళు ఆడాడు. పండగ డబ్బులు పెట్టి అందులో ఏవేవో కొనుక్కున్నాడు. ఒకరోజు ఆ కంపెనీ సర్వర్ మూసేసింది. ఆట పోయింది, కొన్నవీ పోయాయి. వాడు నోరెత్తలేదు గానీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బొగ్గు గీతలకి సర్వర్ అక్కర్లేదు. ఇప్పుడు నేను చెప్పబోయే ఆటలకి కూడా అలా ఎవరో తాళం వేసి పట్టుకుపోయే భయం లేదు.

మొట్టమొదట నాకు ప్రాణమైన ఆట గురించి చెబుతాను. దాని పేరు ఓపెన్‌టీటీడీ. రైళ్ళు, బస్సులు, ఓడలు నడిపే ఆట. అసలు ఆట 1995లో వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్. దాన్ని రాసింది క్రిస్ సాయర్. కాలం గడిచేసరికి అది కొత్త కంప్యూటర్ల మీద నడవడం కష్టమైంది. అప్పుడు లుడ్విగ్ స్ట్రిగేయస్ అనే అతను ఆ పాత ఆటని విప్పి చూసి, ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకుని, మళ్ళీ కొత్తగా రాసి 2004లో అందరికీ ఇచ్చేశాడు. ఒక చిక్కు మిగిలింది. బొమ్మలూ చప్పుళ్ళూ పాత ఆటవే, అవి ఇంకొకరి సొత్తు. దాంతో ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని ఇంజన్లు, ఇళ్ళు, చెట్లు, గనులు ఒక్కొక్కటే సొంతంగా గీశారు, చప్పుళ్ళు రికార్డు చేశారు. వేల బొమ్మలు, ఏళ్ళ పని. 2010 ఏప్రిల్ 1న 1.0 అనే రూపం వచ్చేనాటికి పాత ఆట ముక్క ఒక్కటి కూడా అవసరం లేకుండా పోయింది. ఏప్రిల్ 1 మనకీ పెద్ద రోజే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిందీ, 1900లో మన పర్లాకిమిడి చిన్న రైలు మొదలైందీ ఆ తారీఖునే.

చిన్న రైలు మీకు తెలియదు కదూ. ఇక్కడి రాజావారు గౌరచంద్ర గజపతి నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయించిన లైను అది. పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాల వెడల్పు, అంతే. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, తర్వాత బ్రాడ్ గేజి పడింది. మా నాన్న ఆ లైను మీద పాయింట్స్‌మన్, అంటే బండి వెళ్ళే పట్టా మార్చే మనిషి. ఒంటి లైను మీద ఒక స్టేషనుకీ ఇంకో స్టేషనుకీ మధ్య ఒక్క బండే ఉండాలి అని ఆయన రోజూ అనే మాట. చిన్నప్పుడు ఆ మాట విన్నానే గానీ, దాని లోతు తెలిసింది మాత్రం ఈ వయసులో, ఈ ఆటలో.

ఎలాగంటారా? మనవరాలు మొదటిరోజు బొగ్గు గనికీ విద్యుత్ కేంద్రానికీ మధ్య ఒక లైను వేసింది. మొదట్లో చేతిలో ఉండేది లక్ష పౌండ్లు, అదీ అప్పే. ఒక రైలు కొంది, బొగ్గు మోసింది, డబ్బొచ్చింది. సంబరపడి రెండో రైలు కొంది. అది షెడ్డులోంచి బయటకి రాదు! "తాతా, కంప్యూటర్ పాడైంది" అని ఏడుపుముఖం పెట్టింది. పాడవలేదు. లైను మీద ఒక్క సిగ్నల్ కూడా లేకపోతే ఆ లైను మొత్తం ఒకే ముక్క కింద లెక్క. ముక్కలో ఒక బండి ఉన్నంతసేపు షెడ్డులో ఉన్నది కదలదు. మా నాన్న మాటే అక్కడా చట్టం.

సరే అని ఒంటి లైను మధ్యలో సిగ్నళ్ళు పెట్టింది. ఈసారి రెండు రైళ్ళూ బయల్దేరి ఎదురెదురుగా వచ్చి ముఖాముఖీ నిలబడిపోయాయి. దానికి నేను జవాబు చెప్పలేదు. కాగితం మీద గీయమన్నాను. గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. భోజనానికి పిలిస్తే రాలేదు. చివరికి తనే కనిపెట్టింది: మధ్యలో ఒక లూప్ లైను వేయాలి. ఒక బండి పక్కకి తప్పుకుంటే రెండోది దాటుతుంది. సిగ్నళ్ళు లూప్‌లోకి వచ్చే చోట కాదు, లూప్ నుంచి బయటకి వెళ్ళే చోట పెట్టాలి, రెండు లైన్లకీ చెరొకటి. అప్పుడు బండి ఆగితే లూప్‌లోనే ఆగుతుంది, ఒంటి లైను మీద అడ్డంగా నిలబడదు. రెండు బండ్లూ దాటుకున్న క్షణంలో ఆ పిల్ల కుర్చీలోంచి ఎగిరి దూకింది. నేను బళ్ళో ఏడాదికోసారి చూసేవాణ్ణి అలాంటి ముఖం.

రెండో ఆట ది బ్యాటిల్ ఫర్ వెస్నోత్. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టాడు. చదరంగంలా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే యుద్ధం, కాకపోతే గడులకి ఆరు మూలలు. పగలు కొందరికి బలం, రాత్రి కొందరికి బలం. అడవిలో నిలబడితే దెబ్బ తగలడం తగ్గుతుంది, మైదానంలో ఎక్కువ. తొందరపడేవాడు ఓడిపోతాడు కాబట్టి నాకు బాగా నచ్చింది.

ఈ ఆటలో ఒక్కో యోధుడి సంగతులన్నీ మామూలు అక్షరాల ఫైల్లో ఉంటాయి. ఎల్విష్ ఫైటర్ అని ఒక అడవి జాతి యోధుడు ఉన్నాడు. అతని ఫైల్ తెరిస్తే ప్రాణం 33, అడుగులు 5, ఖరీదు 14 బంగారు నాణేలు అని వరసగా కనిపిస్తాయి. మా పెద్ద మనవడు అసలు ఫైల్‌ని వేరే చోట దాచి, 33 పక్కన సున్నా పెట్టి 330 చేశాడు. ఇక వాణ్ణి ఎవరూ ఓడించలేరు. పది నిమిషాలు నవ్వాడు, తర్వాత ఆవలించాడు, తనంతట తనే 33 చేసేశాడు. మేకలు పదిహేనే ఎందుకో వాడికీ ఆరోజు తెలిసింది. ఫోన్ ఆట దగ్గర దిగులుపడ్డ పిల్లాడు ఇక్కడ ఆట కడుపులోకి చెయ్యిపెట్టి చూశాడు. మీరూ చూడండి. ముందు నకలు దాచడం మాత్రం మరవకండి.

వెస్నోత్‌లో కథ ఎక్కువ, మాటలు ఎక్కువ. ఆ మాటల్ని వేరే భాషలోకి మార్చడానికి ఒక ఫైల్ ఉంటుంది. పై వరసలో ఇంగ్లీషు వాక్యం, కింది వరసలో రెండు కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీ. ఆ ఖాళీలో మన మాట రాయాలి, అంతే. నేను కొన్ని వాక్యాలు తెలుగులో రాసి చూశాను. గ్రాంథికంలో రాస్తే సైనికుడు పురాణం చెబుతున్నట్టుంది, "వెనక్కి తగ్గండ్రా!" అని రాస్తే బతికొచ్చాడు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో ఉండే బడి చెప్పారు. కొండల్లో సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన తిరిగిన ఊళ్ళో పుట్టిన మీకు మూడు భాషలు నోట్లో ఉన్నాయి. ఖాళీ కొటేషన్ గుర్తులు కనిపిస్తే నాకు మీరే గుర్తొస్తారు.

జీరో ఏడీ, అంటే క్రీస్తు శకం సున్నా, అని ఇంకొక ఆట ఉంది. క్రీస్తు పూర్వం 1 తర్వాత వచ్చేది క్రీస్తు శకం 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. లేని సంవత్సరాన్ని పేరుగా పెట్టుకున్నారు, లెక్కల మాష్టారికి అదొక ముచ్చట. పాతకాలపు రాజ్యాలు కట్టి, సైన్యాలు నడపాలి. అందులో మౌర్యులు ఉన్నారు, ఏనుగులు ఉన్నాయి, చంద్రగుప్తుడు, చాణక్యుడు, అశోకుడు నాయకులుగా వస్తారు. ఆడాక ఒకసారి గంజాం జిల్లాలో పురుషోత్తంపూర్ దగ్గరున్న జౌగడకి వెళ్ళండి. అశోకుడి శాసనాలు బండ మీద ఇప్పటికీ ఉన్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని అశోకుడు బాధపడిన పదమూడో శాసనం వేరే చోట్ల ఉంది గానీ అక్కడ లేదు. ఓడిపోయిన నేల మీద దాన్ని చెక్కించలేదు. దాని బదులు, మనుషులందరూ నా బిడ్డలే అని చెప్పే ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ఆటలో గెలవొచ్చేమో, ఆ బండ ముందు నిలబడితే మాత్రం గెలుపు మాట మరిచిపోతాం. ఈ ఆట నా కంప్యూటర్‌లో నత్తలా నడుస్తుంది. కాస్త కొత్త యంత్రం ఉన్నవాళ్ళు ఆడండి.

ఇంట్లో ఇద్దరుంటే సూపర్‌టక్స్‌కార్ట్ వేసుకోండి. కార్ల పందెం, తెర రెండు ముక్కలై ఒకే కీబోర్డు మీద ఇద్దరూ ఆడొచ్చు. చిన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ జీకాంప్రీ. అంకెలు, అక్షరాలు, బొమ్మలు, బోలెడన్ని ఆటలు.

ఇక్కడో మాట. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ 'ఫ్రీ' అని ఒకటే మాట, అందుకని వాళ్ళు ప్రతిసారీ విడమరిచి చెప్పుకోవాలి. మనకి రెండు మాటలున్నాయి. నేను ఇందాకటి నుంచీ చెబుతున్నది స్వేచ్ఛ గురించి. డబ్బులు పెట్టి కొనే మంచి చిన్న ఆటలు కూడా లైనక్స్‌కి ఉన్నాయి. వరల్డ్ ఆఫ్ గూ అని జిగురు బంతులతో వంతెనలు కట్టే ఆట 2008లో వచ్చింది, ప్రధానంగా ఇద్దరే చేశారు. 2010 మేలో ఆ ఆటతో పాటు మరికొన్ని చిన్న ఆటల్ని కలిపి, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇచ్చి తీసుకోండి అని అమ్మకానికి పెట్టారు. తలా ఎంత ఇచ్చారో లెక్క చూస్తే, విండోస్ వాళ్ళకన్నా మ్యాక్ వాళ్ళకన్నా ఎక్కువ ఇచ్చింది లైనక్స్ వాళ్ళే! అమ్మకం పది లక్షల డాలర్లు దాటాక లుగారు, గిష్, ఆక్వేరియా, పెనంబ్రా చేసినవాళ్ళు తమ ఆటల రాతని అందరికీ తెరిచారు. చేసినవాడి కష్టానికి విలువ కట్టడం తెలిసినవాళ్ళకే స్వేచ్ఛ రుచి తెలుస్తుందని నా నమ్మకం. దొంగ కాపీలు తెచ్చి వేసుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఎక్కించుకోవడం తేలిక. లైనక్స్ మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ఆట పేరు వెతకండి, ఇన్‌స్టాల్ నొక్కండి. పాస్‌వర్డ్ అడిగితే అమ్మనో నాన్ననో పిలవండి. అక్కడ దొరకని దాన్ని ఏదో తెలియని చోటు నుంచి దించుకోవద్దు. ఇంటర్నెట్‌లో బయటివాళ్ళతో ఆడేటప్పుడు అసలు పేరు, ఊరు, బడి చెప్పకండి. ఒకసారి ఎక్కించాక నేను చెప్పిన ఆటలన్నీ నెట్ లేకుండా కూడా నడుస్తాయి. వానాకాలంలో మన వైపు సిగ్నల్ పోయినా ఫర్వాలేదు.

మనవరాలు నిన్న వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు కొత్త మ్యాప్ ఒకటి మొదలుపెట్టి స్టేషన్లకి పేర్లు పెట్టింది: నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. మా నాన్న నడిచిన లైనే. పాతపట్నంలో లూప్ వేసింది. కాశీనగర్‌లో వేసే లోపల బస్సు టైమైపోయింది. ఇప్పుడు గుణుపురంలో ఒక బండి, పర్లాకిమిడిలో ఒక బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాయి. నేను ఆటని ఆపి ఉంచాను. లూప్ కాశీనగర్‌లోనే వేయాలా, ఇంకొంచెం గుణుపురం వైపు జరపాలా? కాగితం మీద గీసి పంపండి, వచ్చే ఆదివారం మళ్ళీ నడుపుతాను.

మీ లెక్కల మాష్టారు తాత