అమీను లేని కోర్టు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు,

కావలి నుంచి తాతయ్య ఆశీస్సులు. మొన్న మన చిన్నది ఫోనులో అడిగింది, "దేశం మీదే ఒక మనిషి కేసు గెలిస్తే ఆ తీర్పును ఎవరు అమలు చేస్తారు తాతయ్యా?" అని. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు కోర్టు అమీనుగా ఊళ్లు తిరిగినవాణ్ణి. ఈ ప్రశ్న నన్ను కాక ఎవరిని అడుగుతారు?

దావా గెలిచి డిక్రీ తెచ్చుకున్నా బాకీదారు డబ్బు కట్టకపోతే, గెలిచినవాడు మళ్లీ అమలు పిటిషన్ వేయాలి. అప్పుడు వారంటు పట్టుకుని బాకీదారు గుమ్మంలో నిలబడేవాడే అమీను. ఆ పని ఎంత చిక్కంటే, మన దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది.

మన చిన్నది అడిగినలాంటి, దేశాల మీద వేసే కేసులు వినే కోర్టు ఒకటి ఉంది. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో 1959లో పెట్టిన యూరప్ మానవ హక్కుల కోర్టు అది. ఇప్పుడు 46 దేశాలు దాని పరిధిలో ఉన్నాయి. ఆ కోర్టుకు అమీను లేడు. ఓడిన దేశమే తన మీద వచ్చిన తీర్పును తానే అమలు చేసుకోవాలి. బాకీదారు చేతికే వారంటు ఇచ్చి, నీ ఇల్లు నువ్వే జప్తు చేసుకో అన్నట్టు! నవ్వకండి, చాలాసార్లు జరుగుతుంది కూడా. నష్టపరిహారం కడతారు, అవసరమైతే పాత కేసు తిరగదోడతారు, చట్టం మారుస్తారు. ఆ దేశాల మంత్రుల కమిటీ ఒకటి, పని పూర్తయ్యేదాకా ఫైలు మూయకుండా వాయిదాలు వేస్తూ అడుగుతూనే ఉంటుంది.

1972లో బ్రిటన్ కిందుండే మాన్ ద్వీపంలో పదిహేనేళ్ల కుర్రవాడికి బర్చ్ చెట్టు కొమ్మలతో మూడు దెబ్బలు కొట్టించారు. అది మనిషిని కించపరిచే శిక్ష అని స్ట్రాస్‌బర్గ్ కోర్టు 1978లో తేల్చింది. ఆ సంగతి ద్వీపంలోని న్యాయాధికారులకు తెలియజేశారు, కొమ్మల కట్ట మూలపడింది. చట్టపుస్తకంలోంచి ఆ శిక్ష పోయింది మాత్రం 1993లో.

ఖైదీలందరికీ ఒకే దెబ్బతో ఓటు లేకుండా చేయడం తప్పని 2005లో బ్రిటన్ మీద తీర్పు వచ్చింది. 2011లో అక్కడి దిగువ సభ 234 ఓట్లతో మొండికేసింది. తీర్పు వైపు నిలిచినవి 22. చివరికి 2017లో తాత్కాలికంగా బయటికి వచ్చే కొందరు ఖైదీలకు ఓటు అన్నారు, మరుసటి ఏడు కమిటీ ఫైలు మూసింది. పావలా కట్టి రూపాయి బాకీ చెల్లు రాయించుకునే బాకీదార్లను నేను చాలామందిని చూశాను. ఇది అచ్చం అదే ఎత్తు.

ఆసియాకు అలాంటి కోర్టే లేదు. మరి బయటి మాట మన దగ్గరికి ఎలా వస్తుంది? మన కోర్టుల నోటి గుండానే. అప్పు తీర్చలేకపోయినంత మాత్రాన ఎవరినీ జైల్లో పెట్టకూడదనే షరతున్న అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. అది దానంతట అదే ఇక్కడ చట్టం అయిపోదు. అయినా 1980లో సుప్రీంకోర్టు దాన్ని ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణం పక్కన పెట్టి చదివింది. ఉండీ ఎగ్గొట్టేవాణ్ణి జైలుకు పంపవచ్చు, లేనివాణ్ణి కాదు అంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కలిగిరి వైపు ఒక పొగాకు రైతు మీద అరెస్టు కోరుతూ పిటిషన్ పడింది. పంట దెబ్బతిని ఉంది, పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద కప్పు కూడా సరిగా లేదు. ప్లీడరుగారు ఆ 1980 తీర్పు చదివి వినిపించారు. జడ్జిగారు ఆస్తిపాస్తులు విచారించి అరెస్టు కుదరదన్నారు. రైతు మెట్లు దిగి నా దగ్గరకొచ్చి, "అయ్యా, అంటే బాకీ పోయినట్టేనా?" అని అడిగాడు. పోలేదని చెప్పాల్సి వచ్చింది. ఏడాది తిరగకుండానే అతని పొలం జప్తు వారంటు పట్టుకుని ఆ ఊరికి వెళ్లింది కూడా నేనే.

మీ
తాతయ్య