ఒక్కటే డిమాండు, ఎవరి ధర వారిది

చిరంజీవులైన మనవరాలికీ, మనవడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే వారంలో అందాయి. హైదరాబాదులో మీ యూనివర్సిటీ మహిళా సంఘం, దళిత విద్యార్థి సంఘం, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల బృందం కలిసి హాస్టల్ సమస్యల మీద ఒక వేదిక పెట్టాలనుకున్నారనీ, మూడో సమావేశానికే ముందు ఎవరి డిమాండు రాయాలన్న దగ్గర మాటామాటా పెరిగి అందరూ లేచి వెళ్లిపోయారనీ పెద్దదానివి నువ్వు రాశావు. సియాటిల్‌లో ఏ సభకు వెళ్లినా ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట వినబడుతోందనీ, అది మనుషుల్ని కలుపుతుందో ఇంకా ముక్కలు చేస్తుందో బోధపడడం లేదనీ చిన్నవాడు రాశాడు. అడిగింది ఒకే ప్రశ్న గనుక ఇద్దరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. దాన్ని 1989లో కింబర్లీ క్రెన్షా అనే అమెరికా నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఒక వ్యాసం రాసి వాడుకలోకి తెచ్చారు. ఆ వ్యాసంలో ఆమె పరిశీలించిన కేసుల్లో ఒకటి, జనరల్ మోటార్స్ కంపెనీ మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు వేసినది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. 1970 తర్వాత చేరినవారు, మాంద్యం వచ్చి చివర చేరినవారిని ముందు తీసేసే సీనియారిటీ పద్ధతి అమలు కాగానే, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1976లో కోర్టు ఏమన్నదంటే, కంపెనీ స్త్రీలను తీసుకుంటూనే ఉంది గనుక స్త్రీలపై వివక్ష లేదన్నది. ఆ తీసుకున్నది తెల్లజాతి స్త్రీలను. జాతి వివక్ష అంటే దాని మీద వేరే కేసు నడుస్తున్నది, అందులో కలవండి అన్నది. రెండూ కలిపి ఒకే ఫిర్యాదుగా వినడానికి మాత్రం ఒప్పుకోలేదు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మనిషికి ఏ వైపు నుంచైనా బండి తగలవచ్చు, ఒక్కోసారి రెండు వైపుల నుంచీ తగలవచ్చు అని క్రెన్షా దానికి పోలిక చెప్పారు. తెలుగులో దీనికి కొన్ని పెద్ద పదాలు తయారు చేస్తున్నారు గానీ నాకు అవి నోరు తిరగవు. కూడలి అన్న మాట నాకు చాలు.

ఆ పోలిక మనకు పరాయిది కాదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు మంచినీళ్లు ముంచుకునే చెరువును పాడుచేస్తుంటే అడ్డుచెప్పినందుకు కమ్మ యువకులు కొట్టబోతే, మున్నంగి సువార్త అనే స్త్రీ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. ఆ బిందెను ఒక్కసారి తేరిపార చూడండి. నీళ్లు మోయడం ఆడవాళ్ల పని గనుక అది ఆమె చేతిలో ఉంది. మాదిగల నీళ్లు పాడైనా ఫరవాలేదని ఆ యువకులకు అనిపించింది కులం వల్ల. ఎదురు తిరిగిన మర్నాడు ఎవరి పొలంలో కూలికి పోవాలన్నది భూమికి సంబంధించిన ప్రశ్న. దీన్ని కుల సమస్యా, స్త్రీ సమస్యా, కూలి సమస్యా అని అడిగితే సువార్తమ్మ ఏ గదిలోకి వెళ్లి నిలబడాలి?

ఇక కలవడం సంగతి. నాకు తెలిసిన కలయిక నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం. అప్పట్లో నేను అక్కడి మెట్ట ప్రాంతంలో బడి పంతులమ్మను, అక్షరదీపం పేరుతో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడి కూడా నడిపేదాన్ని. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు మొగుడితో పడే బాధ చదువుకుంటూ చదువుకుంటూ, పలకల మీద అక్షరాలు దిద్దుతున్నవాళ్లు దిద్దడం ఆపేసి తమ కథ చెప్పుకోవడం మొదలుపెట్టేవారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మా, తోటి స్త్రీలూ సారా కొట్టు మూయించిన సంగతి కూడా పాఠంగా వచ్చాక, అది మా ఊరికీ పాకింది. ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి ప్యాకెట్లలో సారా అమ్మించిన కాలమది. బిందెడు తాగునీటికి మైలు నడవాల్సిన ఊళ్లో సారా ప్యాకెట్టు మాత్రం గడప దగ్గరికే వచ్చేది.

దుకాణం మూయించాలని మా ఊళ్లో మొదటి మీటింగు పెట్టింది నేనే. రామాలయం అరుగు మీద, సాయంత్రం ఆరింటికి. పై వీధి ఆడవాళ్లు ఇరవైమంది వచ్చారు, పల్లె నుంచి, అంటే దళితవాడ నుంచి, ఒక్కరూ రాలేదు. అసలు దెబ్బ పడేది వాళ్ల ఇళ్లలోనే గదా, అయినా రాలేదంటే చైతన్యం లేదని ఇంటికొచ్చి మీ తాతయ్యతో అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు రోజుల తర్వాత రాత్రి బడిలో, లాంతరు పక్కన కూర్చుని కొంగు తడిపి పలక తుడుచుకుంటూ ఒకామె నెమ్మదిగా చెప్పింది. "ఏంది టీచరమ్మా, మమ్మల్ని ఎక్కనీని అరుగు మీద మీటింగు పెడితివి. అదిగూడా మేము కయ్యల్లోనించి వొచ్చి పొయ్యి రాజేసే టయానికి పెడితివి. సరే, వొచ్చామనుకో. అంగడి పాడుకున్నోడు పెదరెడ్డికి బామ్మర్ది. అంగడి మూసెయ్యమని నేనంటే రేపు నన్ను కూలికి పిలవరు. పెదరెడ్డి కోడలంటే ఆ రాత్రి మొగుడు అరస్తాడు. రెండూ ఒకటేనా?"

నాకు ఈ విషయంలో తెలిసినదంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. డిమాండు ఒక్కటే, దాని మీద మాకెవరికీ భేదాభిప్రాయం లేదు, కానీ ఆ డిమాండు నోటితో అన్నందుకు ఒక్కొక్కరూ చెల్లించవలసిన ధర వేరు. అందరం ఆడవాళ్లమే గదా, అందరిదీ ఒకే బాధ గదా అని మీటింగులో నేను దంచిన ఉపన్యాసం వినడానికి ఎంత బాగున్నా, ఆ ధరల తేడాను అది దాచిపెట్టింది. దాచిపెట్టినప్పుడు ఎక్కువ ధర పెట్టవలసినవాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. వాళ్లు రాకపోతే వాళ్లకు చైతన్యం లేదని మనం అనుకుంటాం.

తర్వాతి మీటింగు పల్లెలో, బడి ముందర వేపచెట్టు కింద, రాత్రి తొమ్మిదింటికి పెట్టాం. పై వీధి నుంచి ఇరవైమంది రాలేదు, తొమ్మిదిమంది వచ్చారు. ఆ రాత్రి సారా గురించి మాట్లాడింది తక్కువ, కూలి గురించి మాట్లాడింది ఎక్కువ. వేరుశనగ పీకే రోజులవి. దుకాణం దగ్గర నిలబడిన ఏ ఒక్కరిని పనికి పిలవకపోయినా మూడు వీధుల కూలివాళ్లలో ఎవరూ ఆ రైతు చేలో దిగకూడదని అనుకున్నాం. పోలీసులు వస్తే పై వీధి వాళ్లం ముందు వరసలో ఉండాలని అనుకున్నాం. మా మీద లాఠీ ఎత్తే ముందు వాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారని అందరికీ తెలుసు, ఆ తెలిసిన సంగతిని బయటికి అనడానికే కాస్త మొహమాటపడ్డాం. ఎవరి దగ్గర ఏ రక్షణ ఉందో దాన్ని లేనివాళ్లకు అడ్డుపెట్టడమే ఆ రాత్రి జరిగిన ఒప్పందం. కూటమి అంటే నేను అర్థం చేసుకున్నది అదే.

లెక్క అంతా సరిగ్గా వేశామని మాత్రం అనుకోకండి. కూలివాళ్ల గురించి ఆలోచించాం గానీ, మాతో వచ్చిన చాకలామె కూలికి పోదనీ, ఇళ్లకు బట్టలు ఉతికి బతుకుతుందనీ ఎవరికీ తట్టలేదు. దుకాణం మూతపడిన వారానికి రెండు ఇళ్లవాళ్లు ఆమెకు బట్టలు వేయడం మానేశారు. ఆమె మాకు చెప్పనూ లేదు. నెల తర్వాత తెలిసింది.

ఇలాంటి ఊళ్లు జిల్లా అంతటా ఉన్నందువల్లనే 1992 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నెల్లూరులో జరగవలసిన సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. విప్లవ పార్టీల మహిళా సంఘాలు, కమ్యూనిస్టుల మహిళా సంఘాలు, అక్షరాస్యత కార్యకర్తలు, గాంధేయవాదులు, చివరికి అన్ని ప్రతిపక్ష పార్టీలూ వచ్చి చేరాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, ఆ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఎందుకు నిలవలేదంటే ఖజానా లెక్కలు ఒక కారణం, అది అందరూ చెప్పేదే. నాకు కనబడిన మరో కారణం ఉంది. ఉద్యమం పెద్దదయ్యేకొద్దీ దాని కథ చిన్నదైపోయింది. సంసారాలు నిలబెట్టుకోవడానికి కదిలిన ఇల్లాళ్లని, దుర్గలని, కాళికలని పత్రికలు రాశాయి. కూలి రేటు, తాగునీరు, అంగడి పాట పాడినవాడికీ భూస్వామికీ ఉన్న చుట్టరికం, వేపచెట్టు కింద మాట్లాడుకున్నవేవీ ఆ కథలో పట్టలేదు. అన్ని కులాల ఆడవాళ్లకూ నప్పే కథ కావాలంటే పల్లె ఆడవాళ్లకు మాత్రమే ఉన్న విషయాలను తీసేయాలి గదా. అలా తీసేసిన తర్వాత మిగిలింది మద్యం ఒక్కటే. దాన్ని పార్టీలు మానిఫెస్టోలో రాసుకోవడమూ తేలిక, తర్వాత చెరిపేయడమూ తేలిక.

ముక్కలు చేస్తుందా అని అడిగావు చిన్నా. తేడాలు ఎత్తిచూపితే ఐక్యత చెడుతుందనే మాట మన దగ్గర చాలా పాతది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలై, ఎస్సీ రిజర్వేషన్లలో ఎవరి వాటా వారికి పంచమని అడిగినప్పుడు, దళితులను చీలుస్తున్నారని ఎంతోమంది అన్నారు. అలా వాటాలు పంచుతూ రాష్ట్రం చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చన్నది. ఆ ముప్పై ఏళ్ల వాదంలో ఇరువైపులా నాకు గౌరవమున్నవాళ్లు ఉన్నారు. అయినా నా అభిప్రాయం చెప్పమంటే, వాటా అడిగినవాడు ఇల్లు చీల్చాడనడం కంటే, అడిగేదాకా ఎవరూ లెక్క చూడలేదనడం న్యాయం.

మీ సియాటిల్ సంగతే చూడు. 2023 ఫిబ్రవరి 21న ఆ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. దళితులతోపాటు ఇతర కులాలవాళ్లు, ఇతర మతాలవాళ్లు, కార్మిక సంఘాలవాళ్లు కలిసి సాధించారు. అయితే మేనేజరు తన కులం అడిగాడని ఫిర్యాదు చేయబోయే కుర్రాడు హెచ్-1బి వీసా మీద ఉంటే, ఉద్యోగం పోయిన నాటి నుంచి మరో ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం విడిచిపోవడానికో వాడికున్న గడువు మహా అయితే 60 రోజులు. గ్రీన్ కార్డు ఉన్న నువ్వు అదే సభలో అదే మాట మాట్లాడితే నీకు ఆ గడువు లేదు. చట్టం ఇద్దరికీ ఒకటే, అక్కడ కూడా ధర వేరు. అందుకే నువ్వు వెళ్లే సభల్లో ఆ కుర్రాడి బదులు నువ్వు చేయగలిగిన పని ఏదో వెతుక్కో. అతని బదులు నువ్వు మాట్లాడకు, అతను మాట్లాడేటప్పుడు పక్కన సాక్షిగా కూర్చోవడం కూడా పనే.

పెద్దదానా, మీ హాస్టల్ గొడవకు వస్తే, ముందు ఎవరి డిమాండు రాయాలన్న చర్చను కొన్నాళ్లు పక్కన పెట్టండి. రాత్రి గేటు మూసే వేళ గురించి మహిళా సంఘం అడుగుతోంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బకాయి కింద భోజనం ఆపకూడదని దళిత విద్యార్థులు అడుగుతున్నారు. తమకు ఏ హాస్టల్‌లో గది ఇస్తారో తేల్చమని ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు అడుగుతున్నారు. ఈ మూడూ వార్డెన్‌కు ఇచ్చే ఒకే కాగితం మీద పట్టనంత పెద్దవేమీ కావు. ఆ కాగితం మీద సంతకం పెడితే ఎవరికి ఏం జరుగుతుందో కూర్చుని లెక్కవేయండి. మెస్ బకాయి ఉన్న పిల్లను రేపే ఖాళీ చేయమనవచ్చు. ఇంటి నుంచి నెలనెలా డబ్బు వచ్చే నిన్ను అనలేరు. అలాగే, గది కోసం అడుగుతున్న ఆ విద్యార్థి ఇంట్లో ఇంకా చెప్పుకోలేదేమో, కాగితం మీద పేరు కనబడితే ఇంటికి ఫోను వెళుతుందేమో అడిగి తెలుసుకోండి. నీ సంతకం మొదటి వరసలో ఉండాలి, మాట్లాడేటప్పుడు మాత్రం మైకు నీ చేతిలో ఉండనక్కరలేదు. సమావేశం ఏ వేళకు, ఏ గదిలో, ఎన్నో అంతస్తులో పెడుతున్నారో కూడా నాకు రాయి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడొకడు మీ క్లాసులో ఉన్నాడని పోయిన ఉత్తరంలో రాశావు, ఈ ఉత్తరంలో అతని ఊసే లేదు.

ఒక సంగతి రాయకుండా ఉత్తరం ముగించలేను. సారా దుకాణం మూయించిన మా ఊళ్లోనే, బస్టాండు దగ్గర టీ బంకులో పల్లెవాళ్లకు వేరే గ్లాసులు ఉండేవి. చూరుకు గుచ్చిన మేకులకు తగిలించి ఉండేవి, తాగినవాళ్లే కడిగి పెట్టాలి. వేలంపాట ఆపించి నెల్లూరు నుంచి అందరం ఒకే బస్సులో తిరిగివచ్చిన రోజు కూడా అక్కడే దిగాం, అక్కడే టీ తాగాం. పలక తుడుచుకుంటూ నాకు చెప్పిన ఆమె తన గ్లాసు తాను కడిగి మేకుకు తగిలించి, నా వైపు చూసింది. నేను బంకువాడికి డబ్బులిస్తూ ఉన్నాను. ఆ గ్లాసులు ఆ తర్వాత నాలుగేళ్లు అక్కడే ఉన్నాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ