ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్ మారిస్తే పికప్ వస్తుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, అడ్జస్టబుల్ రెగ్యులేటర్ వేస్తే బండి లాగుద్దంట కదా?" అని షెడ్డుకొచ్చే కుర్రాళ్ళు తెగ అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. అడ్జస్టబుల్ అంటే ప్రెజర్ ఎంత ఉండాలో మనమే తిప్పి పెట్టుకునేది.

అపోహ: ప్రెజర్ పెంచితే పవర్ పెరుగుతుంది.

పెరగదు. రెగ్యులేటర్ పని ఒక్కటే, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌కి అటూ ఇటూ ఉండే ప్రెజర్ తేడాని ఎప్పుడూ ఒకేలా ఉంచడం, చాలా బళ్ళలో అది 3 బార్, అంటే 43.5 పీఎస్ఐ. దాన్ని 4 బార్‌కి తిప్పినా అదనంగా పడే పెట్రోల్ సుమారు 15 శాతమే, ఎందుకంటే ఫ్లో పెరిగేది ప్రెజర్ వర్గమూలం లెక్కన. సరే పడింది, మరి అది కాలడానికి గాలి ఏది? స్టాక్ (మార్పులు చేయని, కంపెనీ ఇచ్చిన) ఇంజిన్ పీల్చే గాలి ముందెంతో ఇప్పుడూ అంతే. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ చూసి ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ తగ్గించేస్తుంది, ఫుల్ థ్రాటిల్‌లో ఆ సర్దుబాటు ఉండదు కాబట్టి రిచ్ (గాలికి మించిన పెట్రోల్) అయిపోయి ప్లగ్గులు నల్లబడతాయి, అలాగే నడిపితే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోతుంది.

అపోహ: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో పడిపోయిన మైలేజీ ప్రెజర్ పెంచితే తిరిగొస్తుంది.

లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి లీటర్ పెట్రోల్‌లో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే, దాన్ని ఏ రెగ్యులేటరూ మార్చలేదు. పాత బండైతే ముందు రబ్బరు పైపులు, సీళ్ళు చూపించుకోండి, ఆ డబ్బు అక్కడ పెట్టండి.

అపోహ: ఏ కారుకైనా వేసేయొచ్చు.

ఇప్పటి పెట్రోల్ కార్లు చాలావాటికి ఇంజిన్ దగ్గర మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ లైనే లేదు, రెగ్యులేటర్ ట్యాంకులో పంప్‌తోపాటే ఉంటుంది. కామన్ రైల్ డీజిల్ అయితే వెయ్యి బార్ దాటిన ప్రెజర్, దాని జోలికే పోవద్దు.

అపోహ: అయితే అడ్జస్టబుల్ రెగ్యులేటర్ దండగ.

అదీ తప్పే. టర్బో పెట్టి పెద్ద పంప్ వేశాక స్టాక్ రెగ్యులేటర్‌లో రిటర్న్ దారి సరిపోక ఐడిల్‌లోనే ప్రెజర్ ఎక్కిపోతుంటుంది, అప్పుడు కచ్చితంగా కావాలి, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెజర్) ఒక పీఎస్ఐ పెరిగితే ఫ్యూయల్ ప్రెజర్ కూడా ఒక పీఎస్ఐ పెరిగేది తీసుకోవాలి. సెట్ చేసేటప్పుడు, ఇంజిన్ గాలి పీల్చే దారి నుంచి రెగ్యులేటర్‌కొచ్చే వ్యాక్యూమ్ పైపు పీకి మూసేసి ఐడిల్‌లో గేజ్ చూసి పెట్టాలి, చాలామంది పైపు ఉంచేసే సెట్ చేస్తారు, లెక్కంతా అక్కడే తప్పుతుంది. పంప్ ఇవ్వగలిగే ఫ్లో ప్రెజర్ పెరిగేకొద్దీ తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి, ఈసీఎం ట్యూనింగ్ లేకుండా మాత్రం ఇదంతా చేయొద్దు.

నల్లపొగ, పెట్రోల్ వాసన ఉంటే రెగ్యులేటర్ వ్యాక్యూమ్ పైపు పీకి చూడండి. లోపల పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పలుచని పొర, అదే డయాఫ్రం, చిరిగినట్టే, అప్పుడు కూడా కంపెనీ రేటింగ్‌దే కొత్తది వేస్తే చాలు. ఏది బిగించినా స్టార్ట్ చేసే ముందు కీ ఆన్ చేసి పంప్ తిరగనిచ్చి ప్రతి జాయింట్‌ని తడిమి చూడండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని.