ఫ్లూ మందు: మింగేది సరే, పీల్చేదాని సంగతేంటి?

ఫ్లూ మందు అంటే మనకి టామిఫ్లూ ఒక్కటే గుర్తొస్తుంది. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది కదా, అప్పుడు అందరి నోళ్ళలో నానిన పేరది. కానీ అమెరికాలో టామిఫ్లూ కంటే మూడు నెలల ముందే, 1999 జులైలో, అనుమతి తెచ్చుకున్న అన్న ఒకడున్నాడు. పేరు జానమివిర్, రెలెంజా అని అమ్ముతారు. ఇది మింగేది కాదు, పొడిని నోటితో లోపలికి పీల్చాలి.

ఇది ఆస్ట్రేలియా సరుకు. ఫ్లూ వైరస్ మన కణంలో పెరిగి బయటికొచ్చేటప్పుడు, కణం మీదుండే సియాలిక్ ఆమ్లానికి బంకలా అతుక్కుపోతుంది. ఆ బంధాన్ని కత్తిరించుకోడానికి దాని దగ్గర న్యూరామినిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పీటర్ కోల్మన్, గ్రేమ్ లేవర్ వాళ్ళు 1983లో ఆ కత్తెర ఆకారం మొత్తం బయటపెట్టారు (ఈ లేవర్ ఫ్లూ వైరస్‌ల కోసం సముద్రపు దీవుల్లో పక్షుల్ని పట్టుకుని వాటి గొంతుల్లో దూదిపుల్లలు పెట్టిన మనిషి, ఆయన కథే వేరు). చూస్తే ఆ కత్తెర నోట్లో ఒక గుంట, వైరస్ ఎన్ని వేషాలు మార్చినా పెద్దగా మారనిది. మెల్‌బోర్న్‌లో మార్క్ వాన్ ఇట్జ్‌స్టీన్ బృందం సియాలిక్ ఆమ్లాన్నే కాస్త మార్చి, ఆ గుంటలో ఇరుక్కుని కదలకుండా కూర్చునే అణువు తయారు చేసింది.

మరి మాత్ర చేయొచ్చు కదా? మింగితే రెండు శాతం దాకానే రక్తంలోకి వెళ్తుంది, అదీ చిక్కు. అందుకే లాక్టోజ్ (పాల చక్కెర) పొడిలో కలిపి పీల్చేలా చేశారు. అందులోనూ ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్ళేది కొంతే, అయినా వైరస్ కాపురం ఉండేది ఆ దారిలోనే కాబట్టి పని జరుగుతుంది.

పూటకి రెండు పీల్పులు, రోజుకి రెండు పూటలు, ఐదు రోజులు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలెట్టాలి. అద్భుతాలు మాత్రం ఆశించకండి, జ్వరం, ఒళ్ళునొప్పులు ఒక రోజు ముందు తగ్గితే గొప్ప. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సలహా కమిటీ 13-4 ఓట్లతో వద్దనే చెప్పింది, అయినా అనుమతి వచ్చింది. నాకైతే నివారణలోనే దీని విలువ ఎక్కువ కనిపిస్తుంది: 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంట్లో ఒకరికి ఫ్లూ వచ్చాక మిగతావాళ్ళు రోజుకోసారి పది రోజులు పీలిస్తే, ఇంకొకరికి అంటుకున్న కుటుంబాలు 19 శాతం నుంచి 4 శాతానికి తగ్గాయి. అలాగని ఇది టీకాకి బదులు కాదు.

ఇంకో మంచి మాట, 2008-09 చలికాలంలో అమెరికాలో తిరిగిన మామూలు హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్ (స్వైన్ ఫ్లూ కాదు) దాదాపు మొత్తం టామిఫ్లూకి లొంగలేదు, జానమివిర్‌కి లొంగింది. సహజ సియాలిక్ ఆమ్లానికి దగ్గరగా ఉండటమే కారణం, గుంట కాస్త వంకర తిరిగినా ఇది పడుతుంది.

అయితే ఆస్తమా, ఆయాసం ఉన్నవాళ్ళకి ఇది వద్దు, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పాల ప్రొటీన్ పడనివాళ్ళకీ వద్దు. ఈ పొడిని నీళ్ళలో కలిపి నెబ్యులైజర్‌లో పెట్టకూడదు, అందులోని లాక్టోజ్ వెంటిలేటర్‌లో అడ్డుపడి ఒకరి ప్రాణం పోయింది. జపాన్ 2010లో లానినమివిర్ అనే చుట్టాన్ని తెచ్చింది, అది ఒక్క రోజు పీలిస్తే చాలు, కానీ చిన్నపిల్లాడు గట్టిగా పీల్చకపోతే ఆ ఉన్న ఒక్క డోసూ గొంతులోనే ఆగిపోతుంది.