సమకాలీన అమెరికన్ నవల తరగతి గదికి చేరిన దారి

మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవారికి అమెరికన్ సాహిత్యం పేపరులోని నవలల వరుస పరిచితమే. అది సాధారణంగా హెమింగ్వే, ఫాక్నర్‌లతో మొదలై, సాల్ బెల్లో మీదుగా సాగి, టోనీ మారిసన్ దగ్గర ఆగుతుంది. మారిసన్ తొలి నవల వెలువడింది 1970లో. ఆమె తరువాతి తరం రచయితలు ఆ వరుసలో అరుదుగానే కనిపిస్తారు. ఇందుకు అధ్యాపకుల అభిరుచినో, పాఠ్యప్రణాళికా సంఘాల బద్ధకాన్నో తప్పుపట్టడం తేలిక. అయితే వెనక్కి వెళ్లి చూస్తే, ఒక నవల పాఠం కావడానికి దాని గొప్పతనం ఎంత కారణమో, విద్యార్థి కొనగలిగిన ధరలో దాని ప్రతి దొరకడం కూడా అంతే కారణమని తెలుస్తుంది.

బతికున్న రచయితల నవలలను పాఠంగా చెప్పడం అమెరికాలోనే మొదట అపచారంగా తోచింది. 1895లో యేల్ విశ్వవిద్యాలయంలో విలియం లయన్ ఫెల్ప్స్ అనే యువ అధ్యాపకుడు ఆధునిక నవలపై ఒక కోర్సు ప్రారంభించగా, విద్యార్థులు విరగబడి చేరారు, పత్రికలు దాని గురించి గగ్గోలుగా రాశాయి, పెద్ద ఆచార్యులు మాత్రం దాన్ని మానుకోమన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ కోర్సు ఆగింది. ఆనాటి ఆచార్యుల దృష్టిలో నవల తీరిక వేళ చదువుకునేది, పరీక్ష పెట్టదగినది కాదు. పైగా అమెరికన్ సాహిత్యాన్ని ఇంగ్లండు సాహిత్యానికి ఒక కొమ్మగానే చూసేవారు. ఆ సాహిత్యానికి ‘అమెరికన్ లిటరేచర్’ అనే పరిశోధన పత్రిక డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి మొదలవడానికి 1929 దాకా ఆగవలసి వచ్చింది.

పరిస్థితిని మార్చింది రెండో ప్రపంచ యుద్ధం. 1944 నాటి చట్టం కింద యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల్లో సుమారు 22 లక్షల మంది ప్రభుత్వ ఖర్చుతో కళాశాలల్లో చేరారు. 1939లో 25 సెంట్ల ధరతో మొదలైన చౌక పేపర్‌బ్యాక్‌లు అప్పటికే జనంలోకి వెళ్లాయి. ఫాక్నర్ సంగతే చూడండి: 1940ల నడుమ ఆయన పుస్తకాలు దాదాపు అన్నీ అచ్చులో లేవు. 1946లో విమర్శకుడు మాల్కమ్ కౌలీ ఆయన రచనల నుంచి ఒక సంకలనం కూర్చాక పాఠకులు మళ్లీ ఆయన వైపు తిరిగారు. తరువాత 1949 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. 1957లో వర్జీనియా విశ్వవిద్యాలయం ఆయన్ను ఆవాస రచయితగా, అంటే కొంతకాలం ప్రాంగణంలో ఉండి విద్యార్థులతో ముచ్చటించే రచయితగా పిలిచి, విద్యార్థుల ప్రశ్నలకు ఆయన చెప్పిన జవాబులను టేపుల మీద రికార్డు చేయించింది.

నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ కథ ఇంకా స్పష్టమైనది. ఆమె నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ 1937లో వచ్చి, కొద్దికాలానికే మరుగున పడింది. 1960లో ఆమె పేదరికంలో మరణించారు. విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి అధ్యయన విభాగాలు ఏర్పడుతున్న రోజుల్లో ఆ నవలను పాఠంగా చెప్పదలచిన అధ్యాపకులకు ప్రతులు దొరకలేదు. ఫొటోకాపీలు తీసి పంచుకున్నారు, పునర్ముద్రణ కోరుతూ 1975లో ఆచార్యుల మహాసభలో సంతకాలు సేకరించారు. అదే ఏడాది రచయిత్రి ఆలిస్ వాకర్, హర్‌స్టన్ సమాధిని వెతుక్కుంటూ వెళ్లిన వైనాన్ని వ్యాసంగా రాశారు. 1978లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం ఆ నవలను మళ్లీ అచ్చువేసింది. నలభై ఏళ్ల కిందట పుట్టిన పుస్తకం అప్పుడు పాఠ్యగ్రంథమైంది. అందులో ఒక్క వాక్యమూ మారలేదు.

మన దేశంలో ఈ పాఠ్యాంశం వేళ్లూనడానికి పునాది గోధుమల సొమ్ము. 1954లో వచ్చిన పబ్లిక్ లా 480 అనే అమెరికా చట్టం కింద అమెరికా నుంచి దిగుమతైన ధాన్యానికి భారతదేశం రూపాయల్లో చెల్లించేది. ఇక్కడే పోగుపడిన ఆ సొమ్ములో కొంత విద్యా కార్యక్రమాలకు మళ్లింది. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఏర్పడిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ ఆ కాలపు సంస్థ. దేశం నలుమూలల నుంచీ పరిశోధక విద్యార్థులు ఉపకార వేతనాలతో హైదరాబాదు వచ్చి, అక్కడే బస చేసి, తమ ఊళ్లలో కంటికి కనబడని పుస్తకాలను, పత్రికలను చదువుకుని వెళ్లేవారు. ఢిల్లీలోని యురేషియా సంస్థ తక్కువ ధరకు అచ్చువేసిన అమెరికన్ సాహిత్య సంకలనాలు తరగతి అవసరాన్ని తీర్చాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అమెరికా ఇదంతా ఉత్త సాహిత్యాభిమానంతో చేసిందనుకోనక్కరలేదు. అయినా ఆ గ్రంథాలయంలో కూర్చుని చదివినవారు ఆ దేశాన్ని నిలదీసే నవలలనూ అక్కడే చదివారు. ఇదే నిధులతో 1962 నుంచి అమెరికా చట్టసభ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు అలా సముద్రం దాటిన సంగతి మనలో చాలామందికి తెలియదు.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అమెరికా నిధులు తగ్గాయి, హైదరాబాదులోని ఆ రిసెర్చ్ సెంటర్ పేరు మారింది, చివరకు దాని గ్రంథాలయం ఉస్మానియా ఆధీనంలోకి వచ్చింది. సిలబస్ ఒక తరం దగ్గర నిలిచిపోవడానికి ఇది ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, బలమైన కారణాల్లో ఇదొకటి. పాత నవలలకు చౌక ముద్రణలు, గైడ్లు, గత ప్రశ్నపత్రాలు, విమర్శ గ్రంథాలు ఉన్నాయి. కొత్త నవలకు ఇవేవీ ఉండవు. ఉచిత డిజిటల్ ప్రతి ఆశ కూడా లేదు, ఎందుకంటే అమెరికా చట్టం ప్రకారం 1978కి ముందు ప్రచురితమైన రచనలకు హక్కులు గరిష్ఠంగా 95 ఏళ్లు ఉంటాయి, ఆ తరువాతి రచనలకైతే సాధారణంగా రచయిత మరణించాక మరో 70 ఏళ్ల దాకా కొనసాగుతాయి. అంచేత నేటి రచయిత నవలను పాఠంగా పెట్టదలచిన అధ్యాపకుడు మొదట చూడవలసింది దాని భారతీయ ముద్రణ ఉందా, ఉంటే ఎంత ధర అన్నదే.